అడుగు లేని వెండి కూజా



లండన్‌లో గారార్డ్ అనే పేరుమోసిన నగల సంస్థ ఉంది. 1848లో ఆ సంస్థ వాళ్ళు ఒక వెండి కూజా తయారు చేశారు. ఒళ్ళంతా నగిషీ పని, వంపు తిరిగిన పిడి. చూడ్డానికి దర్జాగా ఉంటుంది గానీ దానికి అడుగు లేదు. నీళ్ళు పోస్తే ఒక్క చుక్క కూడా నిలవదు. ఆ కూజా కోసం 170 ఏళ్ళకు పైగా దేశాలు పోటీ పడుతున్నాయి. వ్యాపారులు ఆస్తులు కుమ్మరించారు, కోర్టులు తీర్పులు చెప్పాయి, నావికులు ప్రాణాలు కోల్పోయారు. దాని పేరు అమెరికాస్ కప్. తెరచాప పడవల పందేల్లో అంతకు మించిన బహుమతి లేదు. ఒలింపిక్ క్రీడలు ఏథెన్స్‌లో మళ్ళీ మొదలైంది 1896లో. ఈ పందెం అంతకు 45 ఏళ్ళు పెద్దది.

ఇది డబ్బున్నవాళ్ళ ఆట అని మనం పక్కన పెట్టేస్తాం. డబ్బు సంగతి నిజమే, దాచేదేమీ లేదు. అయినా ఈ పూట దీన్ని గురించి చెప్పాలనుకోవడానికి నాకొక బలమైన కారణం ఉంది. గాలిని వాడుకునే విద్యలో మనిషి ఎంత దూరం వచ్చాడో ఈ ఒక్క పందెం చరిత్రలో వరసగా కనిపిస్తుంది. ఇందులో పేరు తెచ్చుకున్నవాళ్ళను గమనిస్తే ఇంకో సంగతి కూడా బోధపడుతుంది. వాళ్ళలో చాలామంది పడవ నీళ్ళలోకి దిగకముందే, నియమాల కాగితం చేతిలో పట్టుకుని చదివేటప్పుడే గెలిచేశారు. అందరూ చదివిన కాగితమే అది. అందులో రాయనిది ఏమిటో వాళ్ళకు కనబడింది.

మొట్టమొదటి పందెంలోనే ఆ ముచ్చట ఉంది. 1851వ సంవత్సరం. లండన్‌లో ప్రపంచ దేశాల వస్తువులతో మహా ప్రదర్శన జరుగుతోంది. సముద్రం మీద ఇంగ్లండుకు ఎదురు లేదని ఇంగ్లండు వాళ్ళే కాదు, అందరూ అనుకుంటున్న రోజులవి. అట్లాంటిక్‌కు అవతల న్యూయార్క్ యాట్ క్లబ్ పుట్టి ఏడేళ్ళయింది. దాని అధ్యక్షుడు జాన్ కాక్స్ స్టీవెన్స్, ఆయన తమ్ముడు ఎడ్విన్, మరికొందరు మిత్రులు కలిసి డబ్బు వేసుకుని ఒక పడవ కట్టించారు. రెండు కొయ్యల స్కూనర్. పేరు 'అమెరికా'. కప్పుకు ఇప్పుడున్న పేరు ఈ పడవది, దేశానిది కాదు.

గీసింది జార్జ్ స్టీర్స్. ఆయన న్యూయార్క్ రేవులో పైలట్ పడవలు కట్టే మనిషి. బయటి నుంచి ఓడ వస్తుంటే దానికి దారి చూపే పైలట్లు ఎదురు వెళ్ళాలి. ఎవరి పడవ ముందు చేరితే వాళ్ళకే కూలి. అంటే వేగం వాళ్ళకు కూడు పెట్టేది. అప్పటి ఇంగ్లీషు పడవలకు ముందు భాగం లావుగా, వెనక భాగం సన్నగా ఉండేది. స్టీర్స్ దాన్ని తలకిందులు చేశాడు. ముందు భాగాన్ని కత్తిలా పదును పెట్టి, వెడల్పును వెనక్కి జరిపాడు. తెరచాపలు కూడా వేరు. ఇంగ్లండులో అవిసె నారతో నేసిన బట్ట వాడేవారు. అది గాలికి సాగి సంచిలా ఉబ్బేది. సాగకుండా ఉండాలని దాన్ని నీళ్ళతో తడిపేవారు. 'అమెరికా' చాపలు గట్టిగా నేసిన నూలు బట్టవి. బిగించి కడితే బల్లపరుపుగా నిలబడేవి.

బట్ట ఉబ్బితే ఏం, బల్లపరుపుగా ఉంటే ఏం అనిపించవచ్చు. దీనికి జవాబు తెలిస్తే తర్వాతి కథంతా అర్థమవుతుంది కాబట్టి కాస్త నిదానిస్తాను. వెనక నుంచి వచ్చే గాలి చాపను నెడితే పడవ ముందుకు పోవడంలో వింతేమీ లేదు. ఎదురుగాలిలో పోవడమే విద్య. గాలికి సూటిగా ఎదురు ఏ తెరచాప పడవా వెళ్ళలేదు. ఏటవాలుగా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మలుపులు తిరుగుతూ వెళ్తుంది. అప్పుడు చాప పనిచేసే తీరు విమానం రెక్క తీరే. దాని వంపు మీదుగా పోయే గాలి ఒక పక్క పీడనాన్ని తగ్గిస్తుంది, చాప ఆ పక్కకు లాగబడుతుంది. ఆ లాగుడు ఎక్కువగా పక్కకే. పక్కకు పోనివ్వకుండా పట్టి ఉంచేది పడవ అడుగున నీళ్ళలోకి నిలువుగా దిగే కీల్. పైనుంచి గాలి, కింది నుంచి నీరు రెండు వైపులా ఒత్తితే పడవకు మిగిలేది ముందు దారి ఒక్కటే. తడి వేళ్ళ మధ్య చింతగింజను నొక్కితే చటుక్కున ముందుకు దూకుతుందే, అలా. చాప ఆకారం చెడితే ఈ లాగుడు చెడుతుంది. స్టీర్స్ చాపలు ఎదురుగాలిలో మెరుగ్గా ఉండటానికి కారణం ఇదే.

ఆగస్టు 22న వైట్ ద్వీపం చుట్టూ 53 నాటికల్ మైళ్ళ పందెం. 'అమెరికా'కు ఎదురు 14 ఇంగ్లీషు పడవలు. దారిలో నాబ్ అనే చోట నీళ్ళ మీద లంగరు వేసిన ఒక దీపపు ఓడ ఉంది. మామూలుగా దాని బయటి నుంచి చుట్టి రావాలి. 'అమెరికా' వాళ్ళకు ఇచ్చిన కాగితంలో ఆ మాట లేదు. వాళ్ళు లోపలి నుంచి దూసుకుపోయారు, దూరం కలిసివచ్చింది. సాయంత్రం ముగింపు రేఖ దగ్గరికి మొదట వచ్చింది 'అమెరికా'యే. రెండోది అరోరా అనే చాలా చిన్న పడవ. నాబ్ విషయంలో వచ్చిన అభ్యంతరాన్ని తర్వాత వెనక్కి తీసుకున్నారు. కాగితంలో లేని నియమాన్ని తప్పారని ఎవరిని అనగలం?

కూజాను వాళ్ళు న్యూయార్క్‌కు తీసుకెళ్ళి, 1857లో క్లబ్బుకు అప్పగించారు. అప్పగిస్తూ ఒక దానపత్రం రాశారు. ఇది ఎప్పటికీ దేశాల మధ్య స్నేహపూర్వకమైన పోటీకి ఉండాలని, ఏ విదేశపు క్లబ్బయినా సవాలు విసరవచ్చని దాని సారాంశం. ఆ పత్రం న్యూయార్క్ రాష్ట్ర చట్టం ప్రకారం ఒక ట్రస్టు. అందుకే ఈ పందెం తగాదాలు ఈనాటికీ న్యూయార్క్ కోర్టుల్లోనే తేలుతాయి.

స్నేహపూర్వకం అన్న మాట పత్రంలో ఉంది గానీ మొదట్లో ఆచరణలో కనబడదు. 1870లో ఇంగ్లండు నుంచి కేంబ్రియా అనే పడవ సవాలుకు వస్తే, న్యూయార్క్ వాళ్ళు దాని మీదికి ఒక దండునే దింపారు. మ్యాజిక్ గెలిచింది. ఆ గుంపులో ముసలి 'అమెరికా' కూడా ఉంది, నాలుగో స్థానంలో వచ్చింది. ఇది చాలక మరో ఇబ్బంది. సవాలు చేసే పడవ తనంతట తాను సముద్రం దాటి రావాలి. అట్లాంటిక్ అలలను తట్టుకోవాలంటే దిట్టంగా, బరువుగా కట్టాలి. న్యూయార్క్‌లో కూర్చున్నవాళ్ళకు ఆ అక్కర లేదు, తేలిగ్గా కట్టుకుంటారు. పడవలో ఏ లోపమూ లేకపోయినా వచ్చినవాడికి ముందే ఓటమి రాసిపెట్టినట్టే.

ఆ ఓటమిని ఐదుసార్లు మోసినవాడు సర్ థామస్ లిప్టన్. మన ఇళ్ళలో టీ పొట్లం మీద చూసే పేరే. గ్లాస్గోలో చిన్న పచారీ కొట్టు నడిపే ఇంట పుట్టి, సిలోన్‌లో తేయాకు తోటలు కొని కోటీశ్వరుడయ్యాడు. 1899 నుంచి 1930 దాకా షామ్రాక్ పేరుతో ఐదు పడవలు తెచ్చాడు. 1920లో మొదటి రెండు పందేలు గెలిచి, ఇంకొక్కటి గెలిస్తే చాలన్న చోట వరసగా మూడు ఓడిపోయాడు. కొట్లవాడని ఇంగ్లండులోని రాయల్ యాట్ స్క్వాడ్రన్ ఆయనకు సభ్యత్వం ఇవ్వలేదు. ఐర్లండు ఉత్తర ప్రాంతంలోని ఒక క్లబ్బు తరఫున పోటీ చేశాడు. స్క్వాడ్రన్ తలుపు తెరిచింది 1931లో, అదే ఏడు ఆయన కన్నుమూశాడు. ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయకుండా ఓడిన ఆ పెద్దమనిషికి అమెరికా ప్రజలు చందాలు వేసుకుని వేరే బంగారు కప్పు బహూకరించారు. ఈ పందెం చరిత్రలో దానపత్రం ఆశించిన స్నేహం ఎవరిలోనైనా నాకు కనబడితే అది లిప్టన్‌లోనే.

ఆయన్ని 1903లో ఓడించిన రిలయన్స్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. నథానియల్ హెరెషాఫ్ గీసిన పడవ అది. ఉక్కు చట్రం మీద కంచు రేకులు. దాదాపు 1,500 చదరపు మీటర్ల తెరచాప, నడపడానికి 64 మంది. పడవ వేగానికి దాని పొడవుతో సంబంధం ఉంది. నీళ్ళను చీల్చుకుంటూ పోయేటప్పుడు పడవ ముందు ఒక అల లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ అది పొడవవుతుంది. ఒక దశ దాటాక పడవ తాను లేపిన అలను తానే ఎక్కలేక అక్కడే ఆగిపోతుంది. పొడవైన పడవకు ఆ దశ ఆలస్యంగా వస్తుంది. కానీ పోటీ కొలత నీటి గీత దగ్గర, పడవ నిటారుగా ఉన్నప్పుడు తీసేవారు. హెరెషాఫ్ ముందూ వెనకా నీటి పైన బాగా పొడుచుకొచ్చేలా గీశాడు. పడవ ఒరిగినప్పుడు ఆ భాగాలు నీళ్ళలో మునిగి, కాగితం మీద లేని పొడవు నీళ్ళలో వచ్చేది. పందెం అయిపోయాక అంత పెద్ద పడవ ఇంకెందుకూ పనికిరాలేదు. పదేళ్ళలో తుక్కుకు అమ్మేశారు.

1930లలో జె క్లాస్ పడవలొచ్చాయి. ఇప్పటికీ ఫొటోల్లో అందరూ మురిసిపోయే పడవలవి. వాటిలో 1937 నాటి రేంజర్ ఒక్కదాని దగ్గర ఆగుతాను. దాన్ని గీసినవాళ్ళు స్టార్లింగ్ బర్జెస్, ఒలిన్ స్టీఫెన్స్. చిన్న నమూనాలు చేసి, పొడవైన నీటి తొట్టిలో లాగి చూసి, నీరు ఎంత అడ్డుపడుతోందో కొలిచి మంచిదాన్ని ఎంచుకున్నారు. ఆ తొట్టి న్యూయార్క్‌కు ఎదురుగట్టున హోబోకెన్‌లో, స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే కళాశాలలో ఉంది. 1851లో 'అమెరికా'కు డబ్బు పెట్టిన తమ్ముడు ఎడ్విన్ స్టీవెన్స్ వీలునామా ఆస్తితో పెట్టిన కళాశాల అది. చేతి అంచనాతో పడవ కట్టించినవారి సొమ్ముతోనే ఆ అంచనాను కొలతగా మార్చే పని జరిగింది. రేంజర్ నాలుగుకు నాలుగు గెలిచింది. కొలత కూడా అన్నివేళలా నిజం చెప్పదు లెండి. 1974లో మారినర్ అనే పడవ చిన్న నమూనాగా తొట్టిలో భేషుగ్గా కనబడి, అసలు సముద్రంలో చతికిలబడింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అంత ఖర్చు ఎవరివల్లా కాలేదు. 1958 నుంచి చిన్నవైన 12 మీటర్ల తరగతి పడవలు దిగాయి. సముద్రం దాటి రావాలన్న షరతు కూడా పోయింది. అయినా కప్పు న్యూయార్క్‌లోనే ఉండిపోయింది. క్లబ్బు భవనంలో ఆ కూజాను బల్లకు బోల్టు వేసి బిగించి ఉంచేవారు.

ఆ బోల్టు ఊడింది 1983లో. ఈ పందెం మొత్తంలో ఇంతకన్నా గొప్ప ఘట్టం లేదని నా అభిప్రాయం. ఆస్ట్రేలియాకు చెందిన వ్యాపారి అలన్ బాండ్ తెచ్చిన పడవ ఆస్ట్రేలియా 2. గీసింది బెన్ లెక్సెన్. కాలేజీ చదువు లేకుండా తెరచాపలు కుట్టే పనిలోంచి పైకొచ్చిన మనిషి. నడిపింది జాన్ బెర్ట్రాండ్. పందెం జరిగే న్యూపోర్ట్ రేవులో పడవను నీళ్ళలోంచి ఎత్తిన ప్రతిసారీ దాని అడుగు భాగానికి పరదాలు కట్టేవారు. లోపల ఏముందో చూడాలని ఊరు ఊరంతా తహతహలాడింది.

లోపల ఉన్నది రెక్కల కీల్. అప్పటిదాకా కీల్ అంటే పైన వెడల్పు, కింద సన్నం. లెక్సెన్ దాన్ని తిరగేశాడు. కింద వెడల్పు చేసి, ఆ చివర ఇరువైపులా సీసపు రెక్కలు పెట్టాడు. రెండు లాభాలు. బరువు బాగా కిందికి దిగింది కాబట్టి గాలి ఎంత వంచినా పడవ నిలదొక్కుకుంటుంది. ఇంకోటి, కీల్ కొస దగ్గర ఒక పక్క నీరు మరో పక్కకు సుడి తిరిగి జారిపోవడం తగ్గుతుంది. ఆ సుడి ఎంత తగ్గితే పడవకు అంత వేగం మిగులుతుంది. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో ఉన్న నౌకల పరీక్షా కేంద్రంలో డచ్చి శాస్త్రవేత్తల సాయంతో నమూనాలు పరీక్షించారు. న్యూయార్క్ క్లబ్బు గగ్గోలు పెట్టింది. ఈ కీల్ నియమాలకు విరుద్ధం అంది, దీన్ని గీసింది ఆస్ట్రేలియా వాళ్ళు కాదంది. నియమాల పుస్తకంలో కీల్‌కు రెక్కలు ఉండకూడదని ఎక్కడా లేదు. అభ్యంతరాలు నిలవలేదు.

ఏడు పందేల్లో నాలుగు గెలవాలి. ఆస్ట్రేలియా 2 సామాన్లు విరిగి మొదటి రెండూ పోయాయి. ఒకటి గెలిచి, నాలుగోది ఓడింది. 3-1. ఇంకొక్కటి పోతే ఇంటికే. అక్కడి నుంచి రెండు వరసగా గెలిచి 3-3 చేశారు. సెప్టెంబర్ 26న ఆఖరి పందెం. డెన్నిస్ కానర్ నడిపే అమెరికా పడవ లిబర్టీ దాదాపు ఒక నిమిషం ముందుంది. గాలి వెనక నుంచి వచ్చే ఐదో దశలో బెర్ట్రాండ్ గాలి కాస్త బలంగా ఉన్న వైపును ఎంచుకుని మెల్లగా దాటేశాడు. ముగింపు తేడా 41 సెకన్లు. 132 ఏళ్ళ పట్టు 41 సెకన్లలో పోయింది. ఆస్ట్రేలియాలో అప్పుడు తెల్లవారుజాము. ప్రధాని బాబ్ హాక్ సహా దేశమంతా టీవీల ముందు ఉంది. దురదృష్టం ఏమిటంటే, ఇంత పేరు తెచ్చిన అలన్ బాండ్ తర్వాతి కాలంలో వ్యాపార మోసాల కేసులో జైలుకెళ్ళాడు. కీల్ గీసిన లెక్సెన్ 1988లో 52 ఏళ్ళకే గుండెపోటుతో చనిపోయాడు. ఆ కూజా ఆస్ట్రేలియాకు వెళ్ళడంలో ఎక్కువ వాటా ఎవరిదని అడిగితే నేను చెప్పే పేరు లెక్సెన్‌ది.

1983 గెలుపు తర్వాత ఐదేళ్ళకు, కప్పు మళ్ళీ అమెరికా చేతిలో ఉన్నప్పుడు, కాగితం చదివే విద్య హద్దు మీరింది. 1988లో న్యూజీలాండ్ బ్యాంకరు మైకేల్ ఫే దానపత్రం తెరిచాడు. ఒకే కొయ్య ఉన్న పడవ నీటి గీత దగ్గర 90 అడుగుల దాకా ఉండవచ్చని ఉంది. అంత పడవా కట్టాడు. అమెరికా వాళ్ళు కూడా అదే పత్రం తెరిచారు. పడవకు ఒకే అడుగు ఉండాలని అందులో లేదు. రెండు సన్నని పడవలు జోడించిన కాటమరాన్, దాని మీద బట్టకు బదులు నిలువు రెక్క పెట్టి దిగారు. అది పందెం అనిపించుకోలేదు. కోర్టు ఒకసారి కప్పు న్యూజీలాండ్‌కు ఇమ్మంది, పై కోర్టు అమెరికాకే ఉంచింది. చివరి తీర్పు 1990లో వచ్చింది. ఇంతకన్నా దీని గురించి చెప్పడం నాకిష్టం లేదు.

1992 నుంచి కార్బన్ ఫైబర్ పడవలు వచ్చాయి. తేలిక, గట్టిదనం. గ్రాము గ్రాము తగ్గించే పోటీలో ప్రమాదమూ పెరిగింది. 1995 మార్చిలో శాన్ డియేగో దగ్గర వన్ ఆస్ట్రేలియా అనే పడవ పందెం మధ్యలో నడుం విరిగి రెండు నిమిషాల్లో మునిగిపోయింది. సిబ్బంది అంతా బతికారు. ఆ ఏడు కప్పు గెలిచింది పీటర్ బ్లేక్ నాయకత్వంలో న్యూజీలాండ్. అంత చిన్న దేశం పడవల విద్యలో ఇంత పైకి రావడం నాకు ఎప్పుడూ గౌరవం కలిగించే విషయం.

నీళ్ళు, అల, పొడవు అన్న పాత లెక్కలన్నీ చెదిరిపోయింది 2013లో. శాన్ ఫ్రాన్సిస్కో పందెం కోసం 72 అడుగుల కాటమరాన్‌లు, 40 మీటర్ల నిలువు రెక్కలు నిర్ణయించారు. నియమాలు రాసినవాళ్ళు పడవ నీళ్ళ మీద తేలుతూ పోతుందనే అనుకున్నారు. నీటి కింది రెక్కలకు విమానం రెక్కల్లా కదిలే తోకముక్కలు పెట్టడాన్ని నిషేధించారు. అవి లేకుండా పడవను నిలకడగా గాల్లోకి ఎత్తడం కుదరదని ధీమా. న్యూజీలాండ్ ఇంజనీర్లు ఆ నియమాన్ని చదివి, రెక్క ఆకారం మీద కూర్చున్నారు. ఇంగ్లీషు వి అక్షరంలా వంచారు. పడవ పైకి లేచి కాస్త పక్కకు జారేసరికి రెక్క మోసే బలం దానంతట అదే తగ్గుతుంది, పడవ తగిన ఎత్తులో నిలుస్తుంది. 2012 ఆగస్టు చివర ఆక్లాండ్ సముద్రంలో ఆ భారీ పడవ నీటిని వదిలి గాల్లో పోతున్న ఫొటోలు బయటకొచ్చాయి. మిగతా జట్లన్నీ చేస్తున్న పని ఆపి రెక్కలు నేర్చుకోవాల్సి వచ్చింది.

ఎలా ఎగురుతుంది? నీరు గాలి కన్నా దాదాపు 800 రెట్లు చిక్కన. అందుకని నీళ్ళలో చిన్న రెక్క చాలు, టన్నుల బరువున్న పడవను ఎత్తేస్తుంది. పడవ పైకి లేచాక నీళ్ళలో మిగిలేది రెక్క, చుక్కాని మాత్రమే. లేపడానికి అలే ఉండదు. వేగం పెరిగేకొద్దీ పడవ తన వేగంతోనే తనకు ఎదురుగాలి పుట్టించుకుంటుంది, ఆ గాలి నుంచి ఇంకా లాగుడు తీసుకుంటుంది. అందుకే వీచే గాలి కన్నా రెండింతలు, మూడింతల వేగంతో పోతుంది. నేను ఈ పందెం గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు నమ్మడానికి అన్నిటికన్నా కష్టమనిపించింది ఇదే.

ఆ వేగానికి మూల్యం కూడా ఉంది. 2013 మే 9న స్వీడన్ జట్టు ఆర్టెమిస్ పడవ సాధనలో తిరగబడి విరిగింది. దాని కింద చిక్కుకుని ఆండ్రూ సింప్సన్ చనిపోయాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన ఇంగ్లండు నావికుడు. వయసు 36. అప్పుడు పందెం జరపదగ్గ గాలి వేగం హద్దును 33 నాట్ల నుంచి 23 నాట్లకు తగ్గించారు, రక్షణ కవచాలు పెంచారు. ఆ జాగ్రత్తలు ముందే ఉండాల్సింది. పడవ ఎంత గొప్పదైనా మనిషి ప్రాణం తర్వాతే.

ఆ సెప్టెంబరులో జరిగిన పందెం మాత్రం మరచిపోయేది కాదు. తొమ్మిది గెలిస్తే కప్పు. న్యూజీలాండ్ 8-1తో ముందుంది. అమెరికా జట్టు ఒరాకిల్‌కు అంతకు ముందు చిన్న పడవల్లో అక్రమంగా బరువు పెట్టినందుకు రెండు పాయింట్ల కోత కూడా ఉంది. ఒక పందెంలో న్యూజీలాండ్ చాలా ముందుండగా గాలి పడిపోయి, 40 నిమిషాల గడువు తీరి పందెం రద్దయింది. ఇంకొన్ని నిమిషాలు గాలి వీచి ఉంటే చాలు. ఒరాకిల్ రోజూ రాత్రి పడవను సరిచేసుకుని, ఎదురుగాలిలో కూడా ఎగరడం నేర్చుకుని, వరసగా ఎనిమిది గెలిచింది. 9-8. అమెరికా పడవను నడిపింది ఆస్ట్రేలియావాడు జిమ్మీ స్పిట్‌హిల్, వ్యూహం చెప్పింది ఇంగ్లండువాడు బెన్ ఐన్‌స్లీ. ఇది నాకు మింగుడుపడదు. దేశాల మధ్య పోటీ అని దానపత్రం అంది. డబ్బిచ్చే జట్టుకు నావికులు వెళ్ళిపోవడం 2003 నుంచి మామూలైంది. అంతకు ముందు రెండుసార్లు న్యూజీలాండ్‌ను గెలిపించిన రసెల్ కూట్స్ ఆ ఏడు స్విట్జర్లాండ్ పడవ నడిపి అదే న్యూజీలాండ్‌ను ఓడించాడు. సముద్రమే లేని దేశానికి కప్పు వెళ్ళింది. నావికుడి జీవనోపాధిని తప్పుపట్టను. పోటీకి జెండాలు కట్టేటప్పుడు ఆ జెండాకు అర్థం ఉండాలని మాత్రం గట్టిగా అనుకుంటాను.

న్యూజీలాండ్ ఆ దెబ్బకు కుంగిపోలేదు. 2017లో బెర్ముడాలో దిగినప్పుడు వాళ్ళ పడవలో సైకిల్ పెడళ్ళు ఉన్నాయి. రెక్కలు కదిలించే హైడ్రాలిక్ ఒత్తిడి మనిషి కండబలం నుంచే రావాలన్నది నియమం. అప్పటిదాకా మామూలుగా చేతులతో చక్రాలు తిప్పేవారు. కాళ్ళతో తిప్పకూడదని నియమంలో లేదు. చేతుల కన్నా కాళ్ళకు బలం ఎక్కువన్నది ఎవరికి తెలియదు? ఒలింపిక్ పతకం గెలిచిన సైకిల్ వీరుడు సైమన్ వాన్ వెల్టూవెన్‌ను కూడా జట్టులోకి తీసుకున్నారు. చుక్కాని పట్టిన పీటర్ బర్లింగ్‌కు 26 ఏళ్ళు. 7-1తో గెలిచారు.

2021లో ఆక్లాండ్‌లో, 2024లో బార్సిలోనాలో మళ్ళీ వాళ్ళే. ఇప్పటి పడవ పొడవు 75 అడుగులు. ఒకే అడుగు, కీల్ లేదు. పక్కలకు రెండు చేతులు, వాటి కొసల్లో రెక్కలు. ఒకటి నీళ్ళలో ఉంటే రెండోది గాల్లో ఉంటుంది. 50 నాట్లు, అంటే గంటకు 92 కిలోమీటర్లకు పైగా వేగం, ఇంజను లేకుండా. ఆ వేగం దగ్గర కొత్త గోడ ఎదురవుతుంది. రెక్క పైభాగంలో పీడనం ఎంతగా పడిపోతుందంటే, అక్కడి నీరు చల్లగా ఉండగానే మరిగి ఆవిరి బుడగలవుతుంది, రెక్క పట్టు తప్పుతుంది. ఇప్పుడు ఇంజనీర్లు తలలు బద్దలు కొట్టుకుంటున్నది ఈ బుడగలతోనే. ఇంకొక మంచి మార్పు, 2024లో మొదటిసారి మహిళలకు విడిగా అమెరికాస్ కప్ పోటీ పెట్టారు. ఇటలీ జట్టు గెలిచింది. ఇది చాలా ఏళ్ళ ముందే రావాల్సింది.

తెరచాప విద్య మనకు దూరమేమీ కాదు. 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయల్దేరి 254 రోజుల్లో భూగోళాన్ని చుట్టి వచ్చిన మన నౌకాదళపు తెరచాప పడవ తారిణిలో ఉన్న ఆరుగురు మహిళల్లో ఇద్దరు తెలుగువాళ్ళు. విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. 55 అడుగుల పడవలో దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ దాటి వచ్చారు. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద ఏటా వానాకాలంలో చిన్న తెరచాప పడవల పోటీలు జరుగుతాయి, దేశం నలుమూలల నుంచి పిల్లలు వస్తారు. ఈసారి ఆ రోజుల్లో మీరు ట్యాంక్‌బండ్ మీదుగా వెళ్తుంటే ఒక గంట ఆగండి. మీ పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. పడవ ఎదురుగాలిలో ఎలా మలుపులు తిరుగుతోందో చూపించండి. వాళ్ళకు నేర్చుకోవాలనిపిస్తే అడ్డు చెప్పకండి, అక్కడే నేర్పే క్లబ్బులున్నాయి. అమెరికాస్ కప్ తర్వాతి పోటీ 2027లో ఇటలీలోని నేపుల్స్‌లో జరగబోతోంది.